తోర్వాలో మెత్తబడ్డ జంతికలు

మే నెలలో బిలాస్‌పూర్ చూడటానికి ఎవరూ వెళ్లరు. నేనూ చూడటానికి వెళ్లలేదు. మా ఆయన చివరిగా చెప్పిన ఒక మాటను అక్కడ ఒకమ్మాయికి అందజేయాలి. పది నెలలుగా ఆ పని వాయిదా వేస్తూ వచ్చాను.

ఆయన విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో ప్లాస్టిక్‌ల మీద పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ మీద పడ్డారు. చిన్న పరిశ్రమల వాళ్లకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవారు. ఒక పాఠం అయ్యాక బిలాస్‌పూర్ నుంచి ప్రీతి అనే అమ్మాయి ఫోన్ చేసింది. మొక్కల నర్సరీలకు నల్ల పాలిథిన్ సంచులు చేసే చిన్న షెడ్డు వాళ్లది. మొక్కతో పాటే మట్టిలో పాతేసినా ఫర్వాలేని సంచి చేయాలని ఆ అమ్మాయి కోరిక. అలా రెండేళ్లు ఫోన్లు నడిచాయి.

సమస్య ఏమిటో ఆయన నాకు వంటింట్లో నిలబడి చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. మట్టిలో కలిసే ప్లాస్టిక్‌లలో ఒకటి మొక్కజొన్న పిండి నుంచి వస్తుంది. అది గట్టిది, కానీ వంచితే విరుగుతుంది. ఇంకోటి బాగా సాగుతుంది, కానీ దానికి బిగువు లేదు. రెండూ కలిపితే మంచి సంచి రావాలి. రాదు. కరిగించి కలిపినా లోపల దేనికది విడిగానే ఉంటుంది. బరువు పడగానే ఆ రెండింటి మధ్య సందు వెంబడే సంచి నిలువునా చిరుగుతుంది. రెండింటినీ పట్టి ఉంచే మూడో పదార్థం కొంచెం వెయ్యాలి. ఎంత వెయ్యాలి, ఏ వేడి దగ్గర వెయ్యాలి అన్నదానితో ఆయన చివరి రెండేళ్లు గడిచాయి.

మొదటి శీతాకాలంలో సంచులు బాగా వచ్చాయి. తర్వాతి వేసవిలో అదే పాళ్లతో చేసినవన్నీ చిరిగాయి. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం నాతో అన్నారు: "ఆ మిశ్రమంలో లెక్క నాదే తప్పు. ఆ అమ్మాయిని మానెయ్యమని చెప్పు. అనవసరంగా డబ్బూ కాలమూ పోగొట్టుకుంటోంది."

ఏప్రిల్‌లో ప్రీతే ఫోన్ చేసింది. సార్ రాసుకున్న నోట్‌బుక్ ఫొటోలు పంపగలనా అని అడిగింది. పంపాను. గంటకు మళ్లీ ఫోన్: "ఆంటీ, అంతా తెలుగులో ఉంది. నాకు చదవడం రాదు. మాట్లాడటమే. నాన్న అచ్చయితే చదువుతారు, సార్ రాత చదవలేకపోయారు."

నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరాను. ఆయన చనిపోయే ముందు ఒక స్నేహితుడి చేత చేయించిన ఆ మూడో పదార్థం ప్యాకెట్ ఒకటి బీరువాలో సీలు తియ్యకుండా ఉంది. దాని మీద ఆయన చేతిరాతతో "ప్రీతికి" అని ఉంది. అదీ పెట్టుకున్నాను. ఇవ్వాలో వద్దో నిర్ణయించుకోలేదు. ఒక చేత్తో మానెయ్యమని చెబుతూ ఇంకో చేత్తో అది ఇవ్వడం ఎలా?

రైల్లో

నా ఎదుటి సీటులో కోర్బా వెళ్తున్న ఒక తెలుగావిడ కూర్చుంది. భర్త విద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. ఆవకాయ జాడీని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుంది. నేను ఎక్కడికో విని నన్ను ఎగాదిగా చూసింది.

"మే నెలలో బిలాస్‌పూరా? ఎవరైనా చెప్పలేదా మీకు?"

"పనుండి వెళ్తున్నానండీ."

"పనంటే పనే. ఇది దగ్గర పెట్టుకోండి" అంటూ సంచిలోంచి ఒక ఉల్లిపాయ తీసి చేతికిచ్చింది. అక్కడ ఎండలో బయటికి వెళ్లేవాళ్లు వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిపాయ వేసుకుంటారట. పనిచేస్తుందా అని అడిగాను. "పదిహేనేళ్లుగా పెట్టుకుంటున్నాను, ఇంకా బతికే ఉన్నాను" అంది.

నాకు జేబులు లేవు. హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. మూడు రోజుల తర్వాత కళ్లద్దాలు తీసినా ఉల్లి వాసనే. అయినా ఆవిడ మీద కోపం రాలేదు. భర్త పోయినవాళ్లతో మనుషులు చాలా జాగ్రత్తగా మాట్లాడతారు. నా సంగతి తెలియని మనిషి అలా దబాయించి మాట్లాడటం ప్రాణానికి సుఖంగా ఉంది.

స్టేషన్ నుంచి తోర్వా

ప్రీతి స్కూటర్ మీద వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ముఖమంతా దుపట్టా చుట్టుకుని కళ్లు మాత్రం కనిపించేలా ఉంది. అక్కడ ఎండలో ఆడపిల్లలందరూ అలాగే వెళ్తారు. నా పెట్టె ఆటోలో వేయించి తనూ నా పక్కనే కూర్చుంది. స్కూటర్ స్టేషన్‌లోనే ఉండిపోయింది. "మీరు ఒక్కరూ ఎలా వస్తారు ఆంటీ" అంది.

ముందు ఒక బండి దగ్గర ఆపించి పోహా, జిలేబీ తినిపించింది. రెండూ ఒకే ప్లేటులో, ఇరవై రూపాయలు. అటుకుల ఉప్మా పక్కన జిలేబీ ఏమిటనుకున్నాను. మూడో ముద్దకు ఆ ప్రశ్న మర్చిపోయాను.

దారిలో తోపుడు బళ్ల మీద ఎండుగడ్డి లాంటిది కట్టలు కట్టి అమ్ముతున్నారు. వీధికి ఇద్దరు ముగ్గురు కనిపించారు. ఊరు పెద్దదైనా ఇంకా పశువులను బాగా పెంచుతున్నారే అన్నాను.

ప్రీతి పగలబడి నవ్వింది. "అది కూలర్ ఘాస్ ఆంటీ. కూలర్‌కి మూడు వైపులా పెడతాం. దాని మీద నీళ్లు పడతాయి, వెనక నుంచి ఫ్యాను లాగుతుంది. మీ దగ్గర లేవా?"

మా దగ్గర లేవు. విశాఖలో గాలి నిండా తడే. ఇంకా తడి కలిపితే ఊపిరాడదు. ఇక్కడి వేడి వేరు. చెమట పట్టేలోపే ఆరిపోతుంది. పెదవులు చిట్లుతాయి.

వాళ్ల ఇల్లు ఊళ్లో తోర్వా అనే పేటలో. ప్రీతి నాన్న సింహాచలం గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన తాత బొబ్బిలి వైపు నుంచి రైల్వే పనికి వచ్చాడట. విశాఖలో ఇప్పుడు అంతగా వినపడని తెలుగు ఆయన నోట్లో ఉంది.

"వచ్చీసినారా అమ్మా! ఏటి, ఇంత సిన్న పెట్టా? నెల రోజులుంటారనుకున్నాం."

మా ఆయన ఆ ఇంటికి ఎప్పుడూ రాలేదు. అయినా ముందుగదిలో పాత రైల్వే క్యాలెండర్ పక్కన ఆయన ఫొటో ఉంది. ఆన్‌లైన్ పాఠం చెబుతున్నప్పుడు ఫోన్లోంచి తీసి అచ్చువేయించినది. మూలన నెట్‌వర్క్ సరిగా లేదని చెప్పే చిన్న గుర్తు కూడా అలాగే ఉంది. దండ మాత్రం వెయ్యలేదు. అడిగితే సింహాచలం గారు, "సారుకి ఏటి దండ? పని అవ్వలేదు కదా ఇంకా" అన్నారు.

షెడ్డు

ఇంటి వెనకే షెడ్డు. రేకుల పైకప్పు. ఆరబెట్టడానికి ఒక పొయ్యి పెట్టె, సంచులకు ఒక యంత్రం. యంత్రం పైన గరాటులో ప్లాస్టిక్ గింజలు పోస్తారు. వాటిని దానా అంటారు. దానా కరిగి, కింది నుంచి గాలి ఊదగా పొడుగాటి బుడగలా పైకి లేస్తుంది. ఆ బుడగనే చదును చేసి, కోసి, అడుగు అతికితే సంచి అవుతుంది. ఆయన పంపిన మూడో పదార్థాన్ని షెడ్డులో అందరూ "మసాలా" అంటారు. పాత మసాలా డబ్బా యంత్రం పక్కన స్టూలు మీద ఉంది.

నన్ను షెడ్డులో అన్నిటికన్నా చల్లటి చోట కూర్చోబెట్టారు. నోట్‌బుక్ తెరిచి పైకి చదవడం మొదలుపెట్టాను. పది నెలల్లో దానికి ఫొటోలు తీశానే కానీ చదవలేదు. ఆయన వాక్యాలు పొడిగా ఉంటాయి. అందువల్లే చదవగలిగాను. "దానా నాలుగు గంటలు ఆరబెట్టాలి. వేడిగానే గరాటులో పొయ్యాలి. తడే శత్రువు." ప్రీతి వింటూ హిందీలో రాసుకుంది. సింహాచలం గారు ప్రతి వాక్యానికీ తల ఊపారు.

"ఇవన్నీ చేశాం ఆంటీ. బిల్కుల్ ఇలాగే."

చిరిగిన వేసవి నాటి పేజీ వచ్చింది. "వర్షం పడిందా అని అడిగాను. లేదన్నారు. అక్కడ మే నెల గాలి పొడి గాలి. తేమ కారణం కాదు. పాళ్లు మార్చి చూడాలి." తర్వాత ఆరు పేజీల నిండా మార్చిన పాళ్లు. చివరి పేజీలో రెండే మాటలు: "తప్పు నాదే."

అది పైకి చదవకుండా పుస్తకం మూసేశాను.

"సార్ చివర్లో ఏమైనా అన్నారా ఆంటీ?" అని ప్రీతి అడిగింది.

"రేపు మాట్లాడుకుందాం" అన్నాను.

అప్పటికి పరిస్థితి ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. నది అవతల సర్కండా పేట దాటాక ఆడవాళ్లు కలిసి నడిపే ఒక నర్సరీ ఉంది. వానలకు ముందే వాళ్లకు సంచులు కావాలి. ఏప్రిల్‌లో ప్రీతి చేసి ఇచ్చినవి చిరిగాయి. ఇంకొక్కసారి చూస్తామన్నారు. ఎల్లుండి తీసుకెళ్లినవి కూడా చిరిగితే మళ్లీ నల్ల పాలిథిన్ కొనుక్కుంటారు. అప్పుడిక ఈ మిశ్రమం జోలికి పోకూడదని ప్రీతి కూడా అనుకుంది. అంటే నేను మోసుకొచ్చిన మాట తనంతట తనే అనుకోవడానికి సిద్ధంగా ఉంది. నేను నోరు విప్పితే చాలు.

జంతికలు

ఊరి నుంచి జంతికలు వండి తీసుకెళ్లాను. మా ఊళ్లో వాటిని ఒక గంట బయట పెడితే చాలు, సాగుతాయి. అందుకని డబ్బా మూత బిగించడం నాకు వ్యసనం లాంటిది. ఇంత ఎండు గాలిలో ఏమవుతాయిలే అని, పడుకునే ముందు కొన్ని ప్లేటులో పోసి, మంచం పక్కన స్టూలు మీద వదిలేశాను. మిగతావి ప్రీతి వంటింట్లో ఒక బేసిన్‌లో పోసింది.

పొద్దున సింహాచలం గారికి నా ప్లేటే అందించాను. ఆయన ఒకటి కొరికారు. నమిలారు. ఇంకా నమిలారు.

"ఏటమ్మా, ఇవి జంతికలా, ఇంజను వాషర్లా?"

నాకు సిగ్గేసింది. ప్రీతి వంటింట్లోంచి బేసిన్ తెచ్చింది. అవి కరకరలాడుతున్నాయి. ఒకే పిండి, ఒకే మూకుడు, ఒకే ఇల్లు.

నా గదిలోకి వెళ్లి స్టూలు చూశాను. దానికి మూరెడు దూరంలో కూలర్. అంతసేపూ దాని గాలి నేరుగా ప్లేటు మీదికే వచ్చింది. ఆయన నోట్‌బుక్ కూడా ఆ స్టూలు మీదే ఉంది. కాగితాలు మా ఊళ్లో వానాకాలంలో ఉన్నట్టు మెత్తగా, బరువుగా ఉన్నాయి.

నిన్న షెడ్డులో నన్ను కూర్చోబెట్టిన చల్లటి చోటు గుర్తొచ్చింది.

"ప్రీతీ, షెడ్డులో కూలర్ ఎక్కడుంది?"

"యంత్రం ఎదురుగా ఆంటీ. మీరు కూర్చున్నారు కదా, మధ్యలో."

"శీతాకాలంలో వేస్తారా?"

"శీతాకాలంలో ఎవరు వేస్తారు?" అంది. తర్వాత తన చేయి నోటి మీదికి వెళ్లింది.

నాలుగు గంటలు ఆరబెట్టిన దానా మూతలేని గరాటులో కూలర్ ఎదుట గంటలకొద్దీ ఉండేది. మసాలా డబ్బా ఆ గాలిలోనే మూత తీసి ఉండేది. మసాలాకు తడి తగిలితే అది తడినే పట్టుకుంటుంది. ఇక ప్లాస్టిక్‌ను పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఇది నా తెలివి కాదు. నోట్‌బుక్ మూడో పేజీలోనే ఉంది. వాన గురించి ఆయన ప్రతిసారీ అడిగారు. కూలర్ సంగతి మాత్రం అడగలేదు, ఎందుకంటే మా జీవితంలో కూలర్ లేదు. వాళ్లూ చెప్పలేదు. వేసవిలో కూలర్ వేశాం అని బిలాస్‌పూర్‌లో ఎవరూ ఎవరికీ చెప్పరు.

సింహాచలం గారు అరుగు మీద కూర్చుండిపోయారు.

"ఆ కూలర్ నానే తెచ్చానమ్మా. సారే సెప్పినారు. రేకుల కింద ఆడోళ్లని మాడ్సీకండి, సల్లగా ఏటైనా సూడండి అన్నారు. సంతోషపడతారని ఆ దినమే కొనీసినాను. కొన్నానని సెప్పలేదు."

తప్పు మా ఆయనది కాదని ఇక్కడ రాసేయడం తేలిక. అలా రాయను. ఆయన అడగలేదు. కానీ లెక్క తప్పు కాదు. పది నెలలుగా నాకు కావలసింది ఆ ఒక్క తేడా.

లోపలికి వెళ్లి ప్యాకెట్ తెచ్చి ప్రీతి చేతిలో పెట్టాను. "ప్రీతికి" అన్న అక్షరాలను తను చాలాసేపు చూసింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న నేర్పిన తన పేరు ఒక్కటీ చదవగలిగింది. సీలు మీద కత్తెర పెట్టి, "కోసెయ్యనా?" అని అడిగింది. ఆయన రాత మధ్యలోంచి పోతుంది.

"కొయ్యి" అన్నాను.

కూలర్ లేని పొద్దున్న

మర్నాడు వెలుగు రాగానే పని మొదలుపెట్టారు. గరాటుకి సింహాచలం గారు రేకుతో మూత చేశారు. కూలర్‌ను షెడ్డులోంచి తీయించేశారు. పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు దాని వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. ఒకామె హిందీలో, "విశాఖ మేడమ్ మమ్మల్ని వేపుడు చేయడానికొచ్చింది" అంది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

తొమ్మిదయ్యేసరికి రేకుల కింద నిలబడలేకపోయాం. తలకు తడి తువ్వాలు చుట్టుకుందామంటే సింహాచలం గారు యంత్రం దరిదాపుల్లోకి తడి గుడ్డ రానివ్వలేదు. బుడగ పైకి లేచింది. ఏప్రిల్‌లో వచ్చినదాని మీద ఇసుక చల్లినట్టు గరుకు ఉండేదట. ఇది నున్నగా, పాల రంగులో ఉంది. ప్రీతి ఒక ముక్క కోసి రెండు చేతులతో లాగింది. సాగింది. ఇంకా లాగింది. నా చేతికిచ్చింది.

మధ్యాహ్నం బోరే బాసీ పెట్టారు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తింటారు. మా అమ్మమ్మ పెట్టిన చద్దన్నమే. రైలావిడ ఉల్లిపాయ గుర్తొచ్చి బ్యాగులోంచి తీసిచ్చాను. అది మొలకెత్తి ఉంది. అయినా తరిగారు.

అర్పా అవతల

సాయంత్రం ముగ్గురం పది సంచులు పట్టుకుని నది దాటి వెళ్లాం. అర్పాలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువగా ఉంది. నర్సరీ పెద్ద పేరు బుధ్‌వారిన్. పొట్టి మనిషి, పొడుగాటి చేతులు. ప్రీతిని చూడగానే, "మళ్లీ కాగితాలు తెచ్చావా, సంచులు తెచ్చావా?" అంది. వాళ్లిద్దరి మాటలు నాకు ప్రీతే తెలుగులో చెబుతూ వచ్చింది.

ఆవిడ పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ ఉండదు. సంచి నిండా మట్టి కూరి, నీళ్లు పోసి, పైఅంచును రెండు వేళ్లతో పట్టుకుని లేపి, మూడుసార్లు గట్టిగా కుదిపింది. నర్సరీలో మొక్కలను ఆడవాళ్లు ఎత్తేది అలాగే, చెవి పట్టుకుని పిల్లాణ్ణి లేపినట్టు. ఏప్రిల్ సంచులు మొదటి కుదుపుకే నిలువునా చీలాయట.

మొదటిది నిలిచింది. రెండోదీ నిలిచింది. మూడోదాని అడుగు ఊడి మట్టంతా ఆవిడ కాళ్ల మీద పడింది. ప్రీతి వంగి సంచిని పట్టి చూసింది. పొర చిరగలేదు. అతుకు ఊడింది.

"ఇది నా చేతి తప్పు. అతుకు సరిగా పడలేదు. సార్ తప్పు కాదు" అంది.

మిగతా ఏడూ నిలిచాయి. చివరిదాన్ని బుధ్‌వారిన్ నాలుగోసారి కూడా కుదిపింది, కోపంతో కుదిపినట్టు. తర్వాత కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, "బనే హే" అంది. బాగుంది అని. ఇంకేమీ పొగడలేదు. అతుకులు సరిచేసి వారంలో తెమ్మంది. మా ముగ్గురికీ బియ్యప్పిండితో చేసిన ఫరా పెట్టింది. ఆవిరి మీద ఉడికించి పోపు వేస్తారు. ఉండ్రాళ్లను పొడుగ్గా చేసినట్టుంటాయి. నేను ఆరు తిన్నాను. ఆయన పోయాక రెండోసారి అడిగి తిన్న మొదటి పదార్థం అదే.

స్టేషన్‌లో

మర్నాడు రైలు ఎక్కించడానికి ఇద్దరూ వచ్చారు. రైలు రావడానికి టైముంది. బల్ల మీద కూర్చుని ప్రీతికి నిజం చెప్పాను.

"సార్ చివర్లో ఏమన్నారని అడిగావు కదా. నిన్ను మానెయ్యమన్నారు. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

తను పట్టాల వైపు చూసింది. కళ్లు తుడుచుకుంది. "రెండేళ్లలో సార్ చెప్పిన మాట ఏది తిన్నగా విన్నాను ఆంటీ? ఇదీ వినను."

సింహాచలం గారు, "మా ఇంట్లో ఎవరి మాటా యినదమ్మా" అన్నారు, గొప్పగా.

నోట్‌బుక్ తిరిగి తెచ్చుకోవాలనే వెళ్లాను. ఆ బల్ల మీదే చివరి పేజీ తెరిచాను. "తప్పు నాదే" అన్నది కొట్టెయ్యలేదు. దాని కింద రాశాను: "షెడ్డులో కూలర్ ఉంది. మనం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. లెక్క సరిగ్గానే ఉంది." పుస్తకం మూసి ప్రీతికిచ్చేశాను. వాళ్లు నా డబ్బా నిండా ఇంటి వడియాలు పోసి, మూత బిగించి మరీ ఇచ్చారు.

ఇప్పుడు ఇక్కడ వానలు మొదలయ్యాయి, అక్కడా మొదలయ్యాయట. సంచులతో పాటే మొక్కలు నాటారు. ప్రతి ఆదివారం ప్రీతి ఫోన్ చేస్తుంది. వాళ్ల నాన్న దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకుంటోంది. నోట్‌బుక్‌లో ఒక పేజీ కూడబలుక్కుంటూ నాకు చదివి వినిపిస్తుంది. నేను సరిచేస్తాను. పోయిన ఆదివారం వరసగా కాకుండా నేరుగా చివరి పేజీకి వెళ్లింది. ఆయన రాసిన రెండు మాటలకు చాలాసేపు పట్టింది. కింద నేను రాసింది గబగబా చదివేసింది.

"మీ రాత నయం ఆంటీ. సార్ రాత చాలా ఘోరం. ఏం మనిషండీ, పాపం కాగితం!"

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో ఆయన్ని అందరూ పొగిడారు. తిట్టింది ఈ అమ్మాయి ఒక్కతే. ఆయన బతికున్నప్పుడు ఆ రాతను నేనూ ఇలాగే తిట్టేదాన్ని. ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని, "మళ్లీ చదువు" అన్నాను.